గేరు నాబు పారెయ్యకండి, మర వేయించండి

ముందే నా మాట చెప్పేస్తాను. గేరు నాబు లోపల మర అరిగిపోతే కొత్త నాబు కొనకండి. జిగురు అసలే పెట్టకండి. లేతు మిషను ఉన్న చోటికి పోయి ఇత్తడి బుష్ వేయించండి. ఈ వారం నా వాదన ఇదే. బండి నడపని వాళ్ళు కూడా చదవొచ్చు. ఇందులో సగం బండి గురించి, సగం మాటల గురించి. మనం ఇక్కడికి వచ్చేది మాటల కోసమే కదా.

కొత్తగా వచ్చిన వాళ్ళకి ఒక్క ముక్క. నేను పుట్టింది, పెరిగింది మక్కాలో. మా పెద్దవాళ్ళది కడప జిల్లా. మేము దూదేకుల వాళ్ళం. ముస్లిములు అనగానే ఉర్దూ అనుకుంటారు కానీ, దూదేకుల వాళ్ళలో చాలామందికి ఇంటి భాష తెలుగే. నాకు మాత్రం బడిలో అరబ్బీ, వీధిలో అరబ్బీతో పాటు ఉర్దూ, ఫోనులో ఇంగ్లీషు. తెలుగు వంటింట్లోనూ నాయన బండిలోనూ మాత్రమే వినపడేది. అక్షరాలు ఇరవై దాటాక సొంతంగా నేర్చుకున్నాను. అందుకే నా వాక్యాలు పొట్టిగా ఉంటాయి. మీవీ అలాగే ఉంటాయి కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

మర అంటే ఏమిటో చెప్పాలి. బోల్టు మీద చుట్టూ తిరుగుతూ పైకి పోయే గాడి ఉంటుంది చూడండి, అది మర. నట్టు లోపల కూడా ఉంటుంది. రెండూ ఒకదానిలో ఒకటి ఎక్కి కూర్చుంటాయి. స్క్రూని మరమేకు అంటారు, అంటే మర ఉన్న మేకు. ఇప్పుడు షెడ్డుల్లో చాలామంది త్రెడ్డు అనే అంటారు. "త్రెడ్డు పోయింది", "త్రెడ్డు స్లిప్పయింది". పాత వాళ్ళు "మర అరిగింది" అంటారు. రెండూ తెలుగే అని నా ఉద్దేశం. దీని సంగతి తర్వాత.

మా బండి టొయోటా హైలక్స్. ఒకే వరుస సీటు, వెనక తొట్టి. చేత్తో గేర్లు వేసే రకం. సౌదీలో కార్లు ఎక్కువగా ఆటోమేటిక్కే కానీ, సరుకు మోసే ఇలాంటి బండ్లలో మాన్యువల్ గేర్లు ఇంకా బాగానే కనపడతాయి. నాయన రెండేళ్ళ కిందట పని చాలించుకుని ఊరికి వెళ్ళిపోతూ బండి నాకు ఇచ్చాడు. గేరు రాడ్డు మీద ఉన్నది కంపెనీ నాబు కాదు. కంపెనీది ఎండకు పగిలిపోతే, చాలా ఏళ్ళ కిందట జిద్దాలో కొన్న అల్యూమినియం గుండు అది. నాయన అరచేయి తగిలి తగిలి ఒక పక్క నున్నగా మెరుస్తుంది.

ఆ గుండులో మర పోయింది. కొన్ని వారాలు కొంచెం కొంచెం ఊగింది. బిగిస్తే బిగుసుకునేది, మళ్ళీ సడలేది. ఒకరోజు అజీజియ్యాలో సిగ్నలు దగ్గర రెండో గేరు నుంచి మూడోదానికి వేస్తుంటే నాబు చేతిలోకి వచ్చేసింది. అక్కడ బండ్లు నత్తల్లా పోతాయి కాబట్టి ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రంతా నాకు హదా రోడ్డే గుర్తొచ్చింది.

మక్కా సముద్రమట్టానికి 300 మీటర్ల ఎత్తు కూడా లేదు. తాయిఫ్ వైపు అల్ హదా కొండ మీదికి పోతే 2000 మీటర్లకు దగ్గర పడతాం. ఆ దారి కొండను చుట్టుకుంటూ, మలుపు మీద మలుపుగా ఎక్కుతుంది. బరువు లారీలను అటు రానివ్వరు, వాళ్ళు సైల్ మీదుగా చుట్టు తిరిగి పోవాలి. దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. అందుకే గేరు తగ్గించి ఇంజను చేతనే బండిని ఆపుకుంటూ రావాలి. ఆ కొండ దిగుతూ, మలుపులో, మూడు నుంచి రెండుకు లాగే క్షణంలో నాబు ఊడి చేతికొస్తే? రాడ్డు అక్కడే ఉంటుంది, దాన్ని పట్టుకుని కూడా వేయొచ్చు. కానీ మన కన్ను రోడ్డు మీది నుంచి చేతి మీదికి పోతుంది. అక్కడ అది చాలు. నాబు అంటే సోకు వస్తువు అనుకునే వాళ్ళకి నా జవాబు ఆ రోడ్డే.

సరే, మర ఎందుకు పోతుంది? నేను చూసినంతలో తప్పు చాలావరకు నాబులోనే పుట్టుకతో ఉంటుంది. ఉక్కు బోల్టుకు ఉక్కు నట్టు అయితే, బోల్టు మందం ఎంతో అంత లోతు పట్టినా సరిపోతుంది. అల్యూమినియం మెత్తన. దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు లోతు కావాలి. టొయోటా రాడ్డు 12 మిల్లీమీటర్ల మందం. అంటే నాబు లోపల 18 నుంచి 24 మిల్లీమీటర్ల దాకా మర ఉండాలి. మా గుండులో వెర్నియర్ పెట్టి కొలిస్తే 9 మిల్లీమీటర్లు ఉంది. మిగతాదంతా ఉత్త బెజ్జం. బెజ్జం అంటే రంధ్రం. రంధ్రం పుస్తకాల మాట, బెజ్జం మా జేజి మాట.

రెండో కారణం ఇంకా విచిత్రమైనది. నాబు మీద 1, 2, 3, 4, 5 అని గేర్ల బొమ్మ చెక్కి ఉంటుంది. నాబు పూర్తిగా బిగిసేసరికి ఆ బొమ్మ వంకరగా ఆగుతుంది. చూడ్డానికి బాగోదని జనం ఇంకో పావు చుట్టు బలంగా తిప్పుతారు. మెత్తటి అల్యూమినియం మర అక్కడే తెగుతుంది. దీనికి మందు చాలా చిన్నది. నాబు కింద ఒక పలచటి నట్టు వేయాలి. షెడ్డుల్లో దాన్ని చెక్ నట్టు అంటారు. బొమ్మ ఎక్కడ నిటారుగా ఉంటుందో అక్కడ నాబును ఆపి, కింది నుంచి చెక్ నట్టును పైకి బిగిస్తే రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుని కదలవు. బయటి నాబులు అమ్మే వాళ్ళు ఆ నట్టు ఒక్కటి డబ్బాలో పెట్టి ఇస్తే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

మూడోది, "అన్ని బండ్లకీ సరిపోతుంది" అని రాసి అమ్మే నాబులు. వీటి మీద నాకు కోపం ఉంది, దాచుకోను. వాటిలో మర ఉండదు. ఒక ప్లాస్టిక్ గొట్టం, పక్క నుంచి మూడు బుల్లి స్క్రూలు, వాటిని తిప్పడానికి ఒక అలెన్ కీ. స్క్రూలు బిగిస్తే వాటి మొనలు రాడ్డు మీది మరను పొడుస్తాయి. నాబులో మర పోతే నాబు పోయింది. రాడ్డు మీద మర పోతే? రాడ్డు మార్చాలంటే లోపలి కవర్లన్నీ విప్పాలి, ఖర్చు ఎక్కడికో పోతుంది. చవక వస్తువు ఖరీదైన వస్తువును తింటోంది. ఒకటే సూత్రం: రెండు వస్తువులు రాసుకునే చోట, ముందు అరగాల్సింది చవకదీ సులువుగా మార్చగలిగేదీ అయి ఉండాలి. ఇత్తడి బుష్ మీద నాకున్న ప్రేమకు కారణం కూడా అదే. ఉక్కు రాడ్డు కన్నా ఇత్తడి మెత్తన, కాబట్టి ఎప్పటికైనా అరిగేది బుష్ గానీ రాడ్డు కాదు. అల్యూమినియంతో పోలిస్తే మాత్రం గట్టిది, నున్నగా తిరుగుతుంది, పట్టేయదు.

జిగురు సంగతి. సూపర్ గ్లూ నాలుగు చుక్కలు వేసి బిగించమని చెప్పే వీరులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఈ ఊళ్ళో ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం మామూలే. 2024 జూన్‌లో, హజ్ రోజుల్లో, 51.8 డిగ్రీలు వచ్చింది. అది బయట, నీడలో లెక్క. అద్దాలు మూసి ఎండలో పెట్టిన బండి లోపల ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. మామూలు సూపర్ గ్లూ 80 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి పట్టు వదలడం మొదలుపెడుతుంది. పైగా వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. పగలు సాగడం, రాత్రి ముడుచుకోవడం. గట్టిపడిన జిగురు ఆ ఆటకు తట్టుకోలేక పొడి అవుతుంది. ఒకవేళ తట్టుకుందనుకోండి, అది ఇంకో గొడవ. రేపు గేరు బూటు చిరిగితే నాబు విప్పకుండా అది మార్చలేం. రంపంతో కోయాల్సిందే. విప్పలేని పని మరమ్మతు కాదు.

టెఫ్లాన్ టేపు, సోడా డబ్బా రేకు ముక్క లాంటివి లోపల చుట్టి బిగించడం గురించి కూడా అడుగుతారు. షెడ్డు దాకా బండి తీసుకుపోవడానికి బాగుంటుంది. అంతే.

ఇప్పుడు అసలు పని. ముందు రాడ్డు మీద మర ఏ కొలతో తెలియాలి. ఈ కాలపు టొయోటాల్లో చాలావాటికి 12 × 1.25. అంటే మందం 12 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు పైకి ఎక్కుతుంది. నిస్సాన్, మాజ్దాల్లో చాలావాటికి 10 × 1.25. హోండాల్లో చాలావాటికి 10 × 1.5. మీ బండిది మీరే చూసుకోవాలి. కొలిచే పరికరం లేకపోయినా పర్వాలేదు. ఒక తెల్ల కాగితం రాడ్డు మీది మరకు గట్టిగా అదిమితే గీతలు పడతాయి. పది గాడుల దూరం స్కేలుతో కొలవండి. 12.5 మిల్లీమీటర్లు వస్తే 1.25. 15 వస్తే 1.5. పది కొలిచి భాగించడం ఎందుకంటే, ఒక్కటి కొలిస్తే కంటికి తేడా ఆనదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. హైలక్స్ చక్రం నట్టు కూడా 12 మిల్లీమీటర్లదే, కానీ దాని మర 1.5. అది గేరు రాడ్డు మీద రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. బలవంతం చేస్తే రాడ్డు పాడవుతుంది. అదే నిస్సాన్ చక్రం నట్టు 12 × 1.25. టొయోటా గేరు రాడ్డు మీదికి హాయిగా ఎక్కుతుంది. కాబట్టి మీ టొయోటా రాడ్డు మర బాగుందో లేదో చూడాలంటే పక్కింటి నిస్సాన్ వాడి దగ్గర ఒక నట్టు అడగండి.

మందం ఒకటే అయినా మర వేరు కావడం ఏమిటని విసుక్కోకండి. పూర్వం ఇంకా ఘోరం. ఇంగ్లండులో 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అందరికీ ఒకే రకం మర ఉండాలని కొలతలు రాసేదాకా, ఏ కార్ఖానా మర దానిదే. ఒక షెడ్డులో చేసిన బోల్టుకు ఇంకో షెడ్డు నట్టు పట్టేది కాదు. తర్వాత 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ ఇంకో పద్ధతి తెచ్చాడు. విట్‌వర్త్ మర పన్ను 55 డిగ్రీల కోణం, సెల్లర్స్‌ది 60. ఇప్పుడు మన బండ్లలో ఉండే మెట్రిక్ మర కూడా 60 డిగ్రీలే.

కొలత దొరికాక లేతు దగ్గరికి. అరబ్బీలో లేతును మఖ్రతా అంటారు, లేతు పనివాణ్ణి ఖర్రాత్ అంటారు. తెలుగులో లేతుకు తరిమెన అనే అందమైన మాట ఉంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే వాళ్ళు చెక్కను తిప్పి చెక్కేది దాని మీదే. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నాకు అంకుడు కర్రతో చేసిన గేరు నాబు చూడాలని ఉంది. చెక్క అయితే ఎండకు చెయ్యి కాలదు. ఎవరైనా చేస్తే చెప్పండి, కానీ లోపల ఇత్తడి బుష్ వేయమనండి. చెక్కలోనే నేరుగా మర కోస్తే నెల తిరక్కుండా అరుగుతుంది.

నాబును లేతుకు పట్టించి పాత బెజ్జాన్ని నిటారుగా పెద్దది చేస్తారు. ఈ నిటారు అనేదాని కోసమే లేతు. ఇంట్లో చేతి డ్రిల్లుతో చేస్తే బెజ్జం కాస్త వంకర పోతుంది, తర్వాత నాబు తల వాల్చుకుని కూర్చుంటుంది. మా గుండు అడుగు 28 మిల్లీమీటర్ల వెడల్పు ఉంది కాబట్టి 18 × 1.5 మర కోయడానికి చోటు దొరికింది, చుట్టూ ఇంకా 5 మిల్లీమీటర్ల గోడ మిగిలింది. బెజ్జం ఎంత ఉండాలో లెక్క సులువు. మందంలో నుంచి మర ఎత్తు తీసేయండి. 18 లో నుంచి 1.5 తీస్తే 16.5. ఆ సైజు బెజ్జం వేసి ట్యాప్ తిప్పితే మర వస్తుంది. ఇత్తడి కడ్డీ నుంచి బుష్ తీస్తారు. బయట 18 × 1.5, లోపల 12 × 1.25. లోపలి బెజ్జం 12 లో నుంచి 1.25 తీస్తే 10.75. ఈ బుష్‌కు బయట కొంచెం ఎపాక్సీ రాసి గుండులో బిగిస్తారు. ఇక్కడ జిగురు పర్వాలేదు, ఎందుకంటే బుష్ మళ్ళీ బయటికి రానక్కర్లేదు. నాబు మాత్రం రాడ్డు మీది నుంచి ఎప్పుడైనా ఊడదీసుకోవచ్చు. ముందు 7 చుట్లు పట్టేది, ఇప్పుడు చెక్ నట్టుకు చోటు వదిలినా 15 చుట్లు పడుతోంది.

హెలికాయిల్ అని ఇంకో పద్ధతి ఉంది. స్ప్రింగులాంటి స్టీలు తీగ చుట్టను కొత్తగా కోసిన మరలో కూర్చోబెడతారు. ఇంజన్లలో స్పార్కు ప్లగ్గు మర పోయినప్పుడు అది బంగారం. బెజ్జం కొంచెమే పెద్దది చేస్తే చాలు కాబట్టి, గోడ పలచగా ఉన్న నాబుకు అదే మంచిది. కానీ మా గుండులాంటిదానికి, లోతు పెంచుకోవాల్సిన చోట, నా ఓటు ఇత్తడికే.

దీనికి నేను ఇచ్చింది 40 రియాళ్ళు. కొత్త నాబు 25 రియాళ్ళకు ఇంటికే వస్తుంది. నా స్నేహితులు ఈ రెండు అంకెలు చూపించి నవ్వారు. నవ్వనివ్వండి. 25 రియాళ్ళ నాబులో మళ్ళీ అదే 9 మిల్లీమీటర్ల మర, లేదా మర లేని ప్లాస్టిక్ గొట్టం. ఏడాదికోసారి కొంటే నాలుగేళ్ళకు 100 రియాళ్ళు. ఇది డబ్బు లెక్క. నాకు డబ్బు లెక్క కన్నా ముఖ్యం ఇంకోటి ఉంది: కొత్తది కొంటే తప్పు ఎక్కడుందో తెలియదు. చెక్ నట్టు లేదనీ, లోతు చాలలేదనీ ఎవరూ మనకు చెప్పరు. లేతు ముందు అరగంట నిలబడితే తెలుస్తుంది. నాయన గుండు నాకు ఇష్టం కాబట్టి బాగు చేయించానా? అదీ ఉంది. కానీ అది ముక్కూ మొహం తెలియని వాడి నాబు అయినా ఇదే చెప్పేవాణ్ణి.

అన్నీ బాగు చేయించాలని కాదు. ప్లాస్టిక్ నాబు పగిలితే పారెయ్యండి. గోడ మూడు మిల్లీమీటర్ల కన్నా పలచగా ఉంటే బుష్ జోలికి పోవద్దు. మీటలు ఉన్న ఆటోమేటిక్ గేరు నాబు అసలు వేరే వస్తువు, దాని లోపల తీగలూ కడ్డీలూ ఉంటాయి. రాడ్డు మీద మరే దెబ్బ తింటే మొదట డై తిప్పి దాన్ని శుభ్రం చేయించాలి, నాబు తర్వాత.

ఇక మాటలు. ఆ షెడ్డులో అరగంటలో నాకు నాలుగు భాషల్లో ఒకే సంగతి వినపడింది. లేతు ఉస్తాద్ పంజాబీ ఆయన. గుండు లోపలికి చూసి "చూడీ మర్ గయీ" అన్నాడు. చూడీ అంటే గాజు. చేతికి వేసుకునే గాజు చుట్టు తిరిగినట్టే మర కూడా తిరుగుతుంది కదా. గాజు చచ్చిపోయింది అంటున్నాడు ఆయన. పక్కన ఉన్న యెమెన్ కుర్రాడు సిన్న్ అన్నాడు. సిన్న్ అంటే పన్ను. ఇంగ్లీషు వాళ్ళు స్ట్రిప్ అంటారు, బట్టలు ఒలిచినట్టు. అక్కడే ఇంకో బండి కింద పడుకుని ఉన్న రాయచోటి మామ తల బయటికి పెట్టి, "మర పోయిందేమో చూడబ్బాయా, యాడన్నా అరిగుంటాది" అన్నాడు. నేను ఆగిపోయాను. ఉర్దూలో మర్ అంటే చావు. తెలుగులో మర అంటే ఆ చచ్చిపోయిన వస్తువు. సంబంధం ఏమీ లేదు, ఊరికే కలిసిన శబ్దాలు. కానీ ఆ తర్వాత నేను ఆ మాట మర్చిపోవడం అసాధ్యం.

ఇంకోటి. అరబ్బీలో బాగు చేయడాన్ని తస్లీహ్ అంటారు. పాత బండ్లను విప్పి ముక్కలు అమ్మే తుక్కు మైదానాన్ని తష్లీహ్ అంటారు, ఒలిచేయడం అని దాని అర్థం. ఒక్క అక్షరం తేడా. కొత్తగా ఈ దేశం వచ్చిన మన డ్రైవర్లు ఆ రెండు బోర్డుల మధ్య ఎంత తికమక పడేవారో నాయన నవ్వుతూ చెప్పేవాడు.

మరి మన మరమ్మతు? అది చూడ్డానికి మర లోంచి పుట్టినట్టే ఉంటుంది. మరను బాగుచేస్తే మరమ్మతు అని ఎవరైనా చెబితే నమ్మేయబుద్ధి అవుతుంది. కాదు. అది అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. దాని చుట్టమే తర్మీమ్, ఇక్కడ పాత భవనాలను బాగు చేసే చోట బోర్డుల మీద రోజూ కనపడుతుంది. అంటే ఈ వైపు నుంచి బయలుదేరి కడప చేరి, మా జేజి నోట్లో పడి, మళ్ళీ నాతో ఇక్కడికి వచ్చింది.

దీన్నిబట్టి మీలో కొందరు నాకు తరచు వేసే ప్రశ్నకు జవాబు చెబుతాను. గేరుకు అచ్చ తెలుగు ఏమిటి? నా జవాబు: గేరు. బుష్‌కు బుష్. మీరు ఒక సంస్కృత పదం తయారుచేసుకుని రాయచోటి మామ దగ్గరికి పోతే ఆయన మిమ్మల్ని జాలిగా చూస్తాడు. వాడుకలో ఉన్నది వాడండి. అయితే దీనికి ఇంకో వైపు ఉంది, దాన్ని మనలో చాలామంది చూడరు. వాడుకలో ఉన్న పాత మాటను కూడా వాడండి. మర, బెజ్జం, గాడి, సడలడం, బిగించడం, అరగడం, ఒరుసుకోవడం. ఇవి భాష నేర్పే యాప్‌లలో నాకు ఎదురవలేదు. వాటిలో ఆపిల్ ఉంటుంది, ఏనుగు ఉంటుంది. నా జీవితంలో ఏనుగుతో ఎప్పుడూ పని పడలేదు. సడలిన నట్టుతో వారానికోసారి పడుతుంది.

పెద్దవాళ్ళు ఈ పని ఒకప్పుడు చేశారు. మాండలిక వృత్తి పదకోశం అని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మొదటి సంపుటం 1962లో వ్యవసాయం మీద వచ్చింది, రెండోది 1971లో చేనేత మీద. నాగలిలో ఏ ముక్కను ఏ జిల్లాలో ఏమంటారు, మగ్గంలో ఏ పుల్లను ఏమంటారు, రైతులనూ నేతగాళ్ళనూ అడిగి రాసుకున్నారు. అలాగే ఎవరైనా ఒక నోటుబుక్కు పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లో ఆర్నెల్లు కూర్చోవాలని నా కోరిక. మెకానిక్కులు ఇంగ్లీషు మాటలకు తెలుగు తోకలు తగిలించి ఎన్ని క్రియలు పుట్టించారో లెక్క రాయాలి. ట్యాప్ కొట్టడం, బుష్ వేయడం, త్రెడ్డు తీయడం, హెడ్డు దించడం. కొట్టడం, వేయడం, తీయడం, దించడం. ఏ వస్తువుకు ఏ క్రియ పడుతుందో అదే భాష. మన లాంటి వాళ్ళకి కష్టమైనదీ అదే. నామవాచకాలు ఎవడైనా అరువు తెచ్చుకుంటాడు.

ఇంట్లో మర ఉన్న వస్తువు కావాలంటే మరచెంబు ఉంది. మరచిన చెంబు కాదండీ, మర ఉన్న చెంబు. మూత తిప్పి బిగించే చెంబు. ప్లాస్టిక్ సీసాలు రాకముందు రైలు ప్రయాణానికి నీళ్ళు పట్టుకెళ్ళింది దాంట్లోనే. మా జేజి మరచెంబు ఇత్తడిది. దూదేకే మర ఊళ్ళోకి వచ్చి, తాత విల్లుకు పని లేకుండా పోయిన రోజుల్లో కొన్నదట. అవును, మిషనును కూడా మరే అంటారు, పిండిమర లాగా. ఒకే మాట తాత పని తీసుకుంది, జేజి నీళ్ళు మోసింది. ఆ చెంబు ఇప్పుడు నాయన దగ్గర ఉంది. నిన్న ఫోనులో మూత తిప్పి చూపించమన్నాను. మూడు చుట్లకు బిగుసుకుంది, ఒక్క చుక్క కారలేదు. మీ ఇంట్లో ఉంటే తీసి ఎన్ని చుట్లో లెక్కపెట్టండి.

గుండు బాగు చేయించుకోవాలనుకునే మక్కా వాళ్ళకి చివరి మాట: నాబు ఒక్కటే పట్టుకుని పోకండి, బండితో సహా వెళ్ళండి. బుష్ లోపలి మరను రాడ్డు మీద తిప్పి చూడకుండా ఏ ఉస్తాద్ దగ్గరా డబ్బులు ఇవ్వొద్దు. శుక్రవారం వెళ్ళకండి. చెక్ నట్టు 12 × 1.25 అని గట్టిగా అడగండి, లేకపోతే 1.75 ఇస్తారు. మామూలు 12 బోల్టుల మర అదే కాబట్టి అంగట్లో అదే ముందు చేతికి వస్తుంది.